సేవచేయువారికి చేయూత

మానవునకు గల సంపదలలో జ్ఞాపకశక్తి మిక్కిలి విలువైనది. ధనము పోయిన మరల ఆర్జింపవచ్చును. ఇల్లు కూలిన మరల కట్టుకొనవచ్చును. కాని తన పేరు, తనవారి ముఖములు, తాను నడచివచ్చిన త్రోవ మనస్సునుండి తొలగిపోయినచో వానిని తెచ్చి యిచ్చువారు లేరు. వార్ధక్యమున కొందఱికి ఇట్టి ఆపద సంభవించుచున్నది. దానిని వైద్యులు డిమెన్షియా అందురు. తెలుగున చిత్తవైకల్యమనియు, మఱపువ్యాధి యనియు చెప్పుదురు. ఈ వ్యాధికి లోనైనవారిని గూర్చి తెలిసికొనుట యెంత అవసరమో, వారిని రేయింబవళ్ళు కనిపెట్టియుండు కుటుంబసభ్యులను గూర్చి తెలిసికొనుటయు అంత అవసరము. అట్టి సంరక్షకులకు నేటి చేతిఫోను ఎచ్చట తోడ్పడగలదో, ఎచ్చట తోడ్పడజాలదో ఈ వ్యాసమున విచారింతము.

మన పెద్దలు "అరువదిలో అరుళ్ళు మరుళ్ళు" అని నవ్వుచు చెప్పుకొందురు. వయస్సు మీఱినకొలది మఱపు కలుగుట సహజమే. కాని సహజమైన మఱపు వేఱు, వ్యాధి వేఱు. కండ్లజోడు ఎచ్చట పెట్టినదియు జ్ఞప్తికి రాకున్న అది మఱపు. కండ్లజోడు చేతిలో నుండగా అది దేనికి పనికివచ్చునో తెలియకున్న అది వ్యాధి. బజారునుండి తేవలసిన వస్తువును మఱచుట మనకందఱికిని కలదు. ఏబది యేండ్లుగా నడచిన వీథిలో ఇల్లు కనుగొనలేక నిలిచిపోవుట ఆరోగ్యవంతులకు కలుగదు. ఈ భేదము తెలియక అనేక గృహములలో రోగిని "చాదస్తము" అని త్రోసిపుచ్చుచున్నారు. వైద్యుని యొద్దకు ఆలస్యముగా కొనిపోవుచున్నారు.

డిమెన్షియా ఒకే వ్యాధి కాదు. మెదడునకు హాని కలిగించి జ్ఞాపకమును, ఆలోచనను, మాటను, నడవడిని చెఱచు పలు వ్యాధులకు అది ఉమ్మడి పేరు. వానిలో ముఖ్యమైనది ఆల్జీమరు వ్యాధి. డిమెన్షియా రోగులలో నూటికి 60 నుండి 70 మంది వఱకు దీనికే లోనైనవారు. 1901వ సంవత్సరమున జర్మనీదేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరములో ఆలోయిస్ ఆల్జీమర్ అను వైద్యుడు ఆగుస్టె డీటర్ అను 51 సంవత్సరముల స్త్రీని పరీక్షించెను. తన పేరు వ్రాయుమనగా ఆమె పూర్తిగా వ్రాయలేకపోయెను. 1906లో ఆమె మరణించిన పిమ్మట ఆయన ఆమె మెదడును సూక్ష్మదర్శినితో శోధించి, అందు అసాధారణములైన మచ్చలను, చిక్కుపడిన పోగులను కనుగొనెను. ఆ సంవత్సరముననే టూబింగెన్ నగరమున జరిగిన వైద్యుల సభలో ఆ సంగతిని వెల్లడించెను. 1910లో క్రేపెలిన్ అను మఱియొక వైద్యుడు తన గ్రంథమున ఈ వ్యాధికి ఆల్జీమరు పేరు పెట్టెను.

ఈ వ్యాధిలో మొట్టమొదట దెబ్బతిను భాగములలో హిప్పోకాంపస్ ఒకటి. కణతల లోపలివైపున నుండు ఈ చిన్న భాగము నీటిగుఱ్ఱము ఆకారమున నుండుటచే దానికి గ్రీకుభాషలో ఆ పేరు వచ్చినది. క్రొత్తగా చూచిన, విన్న విషయములను మనస్సున పదిలపఱచుటకు ఇది ఆధారము. ఇది చెడినపుడు క్రొత్త సంగతులు నిలువవు. చిరకాలము క్రిందటి సంగతులు మాత్రము చాలకాలము నిలిచియుండును. కావుననే చిన్ననాటి పెండ్లిపాటను తప్పులేక పాడగల ముదుసలి, తాను ఇప్పుడే భోజనము చేసిన సంగతిని ఎఱుగక "నాకు అన్నము పెట్టరేమి?" అని అడుగును. ఆమె అబద్ధమాడుట లేదు. మొండితనము చేయుట లేదు. భోజనము చేసిన జ్ఞాపకము ఆమె మనస్సున లేనేలేదు. ఈ ఒక్క విషయము బోధపడినచో ఇంటిలోని కోపతాపములు సగము తగ్గును.

ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కల ప్రకారము 2021లో ప్రపంచమున 5 కోట్ల 70 లక్షలమంది ఈ వ్యాధితో నుండిరి. ఏటేట సుమారు ఒక కోటిమంది క్రొత్తగా దీనికి లోనగుచున్నారు. రోగులలో నూటికి అరువదిమందికి పైగా పేద, మధ్యతరగతి దేశములలోనే ఉన్నారు. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 వంతున, అనగా 88 లక్షలమంది, ఈ వ్యాధితో నున్నారని 2023లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. వ్యాధిని పూర్తిగా నయముచేయు ఔషధము నేటికిని లేదు. కావున రోగికి లభింపగల మేలులో అధికభాగము సంరక్షణ రూపముననే లభింపవలెను. ఆ సంరక్షణ జరుగుచున్నది ఎక్కువగా ఆస్పత్రులలో కాదు, ఇండ్లలో.

ఇండ్లలో ఈ భారమును వహించుచున్నవారు ఎవరు? భార్య, కుమార్తె, కోడలు, కొన్నియెడల భర్త లేక కుమారుడు. ఇట్టి సంరక్షకులు సగటున దినమునకు 5 గంటలు ఈ సేవకు వినియోగించుచున్నారనియు, ఆ గంటలలో నూటికి 70 వంతులు స్త్రీలవే యనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ తెల్పుచున్నది. రోగికి స్నానము చేయింపవలెను, అన్నము తినిపింపవలెను, మందు లిప్పింపవలెను. రాత్రివేళ లేచి తలుపు తీసికొని పోకుండ కనిపెట్టియుండవలెను. ఒకే ప్రశ్నకు ఇరువదిమార్లు బదులు చెప్పవలెను. ఇన్ని చేసినను, "నీ వెవరవు?" అని కన్నతల్లియే అడిగినపుడు కలుగు దుఃఖమును దిగమ్రింగవలెను. బంధువులు వచ్చి చూచి పోవుదురు. సంరక్షకురాలు మాత్రము ఇల్లు కదలుటకు వీలులేదు. నిద్ర చాలక, ఒంటరితనమున క్రుంగి, ఆమెయే కొంతకాలమునకు జబ్బుపడును. అందుచేత 2017లో ప్రపంచ దేశములు కలిసి ఈ వ్యాధిని గూర్చి ఒక కార్యక్రమమును ఆమోదించినపుడు, సంరక్షకులకు సహాయ మొసగుటయు అందొక ముఖ్యభాగముగా చేర్చిరి.

ఇల్లు కదలలేనివారికి సహాయము ఇంటిలోనికే రావలెను. ఇక్కడనే చేతిఫోనుయొక్క ప్రయోజనము కనబడుచున్నది. మన దేశమున మొదటి చేతిఫోను సంభాషణ 1995 జూలై 31వ తేదీన కలకత్తా, ఢిల్లీ నగరముల నడుమ జరిగెను. ఆనాడు అది ధనికుల విలాసవస్తువు. నేడు పొలమునకు పోవు రైతు చేతిలోను, కూరగాయ లమ్ము స్త్రీ చేతిలోను అది కలదు. రోగి ప్రక్కనుండి కదలకయే వైద్యుని మాట వినుటకు, ఒక పాఠము నేర్చుకొనుటకు, దూరమందున్న వారితో కష్టము చెప్పుకొనుటకు అది సాధనమైనది.

సంరక్షకునకు మొదట కావలసినది జ్ఞానము. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఇందుకొఱకు "ఐ సపోర్ట్" అను శిక్షణను సిద్ధము చేసి 2019లో వెలువరించినది. ఇందు 5 భాగములు, 23 పాఠములు కలవు. వ్యాధి స్వరూపము, సంరక్షకుని బాధ్యతలు, సంరక్షకుడు తన్ను తాను కాపాడుకొను విధము, నిత్యకృత్యములు, మారిన నడవడిని ఎదుర్కొను పద్ధతులు అను విషయములు క్రమముగా బోధింపబడినవి. గణనయంత్రముపై గాని, చేతిఫోనుపై గాని, తీరిక దొరికినపుడు కొంచెము కొంచెముగా చదువుకొనవచ్చును. ఇరువదిమూడు పాఠములలో పది పాఠములు రోగి నడవడిని గూర్చియే యుండుట గమనింపదగినది. సంరక్షకులను మిక్కిలి బాధించునది అదియే కదా!

ఇట్టి శిక్షణ ఏమి నేర్పునో ఒక యుదాహరణము చూతము. సాయంకాలమగుచున్నది. ఇంటిలోని ముసలమ్మ గుడ్డలు మూటకట్టుకొని, "అమ్మాయీ, ప్రొద్దుగూకుచున్నది; నన్ను మా యింటికి పంపించు" అని కోడలిని పీడించుచున్నది. "ఇది మీ యిల్లే, అత్తయ్యగారూ! నలుబదియేండ్లుగా ఇచ్చటనే ఉన్నారు" అని కోడలు ఎంత చెప్పినను ఆమె వినదు; పైగా కోపించి తలుపు తీయుటకు పోవును. వాదము వలన ప్రయోజనము లేదు. ఆమె అడుగుచున్నది గోడలు, కప్పు గల యింటిని కాదు. తనకు పరిచితమైన, భయములేని చోటును. కోడలు అపుడు, "అట్లే అత్తయ్యగారూ! మీ యింటి పెరడు చాల పెద్దదట కదా, అందు ఏమేమి చెట్లుండెడివి?" అని అడిగి, చెంత కూర్చుండబెట్టి, త్రాగుటకు పాలిచ్చినచో, ఆమె మామిడిచెట్టును గూర్చి చెప్పుచు చెప్పుచు శాంతించును. మాట మఱచినను, ఆ మాట కలిగించిన నెమ్మది మనస్సున కొంతసేపు నిలుచును. ఈ మెలకువ ఎవరును పుట్టుకతో ఎఱుగరు, నేర్చుకొనవలసినదే.

పెద్ద పాఠములు చదువుటకు తీరిక లేనివారికి, అంతర్జాలము అందనివారికి మఱియొక మార్గము కలదు. ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమును కలిసి నడపు పథకమున 2021లో ఒక కరదీపిక ప్రకటింపబడినది. వ్యాధిని గూర్చియు సంరక్షణను గూర్చియు చిన్న చిన్న సందేశములను చేతిఫోనులకు పంపు విధానము అందు వివరింపబడినది. అతి చౌకయైన ఫోనునకు గూడ ఇట్టి సందేశము చేరగలదు. దినమున కొక చిన్న సలహాయైనను, "నీ కష్టమును ఎఱిగినవారు ఉన్నారు" అను ధైర్యమును అది వెంటగొని వచ్చును.

ఇవిగాక ప్రతి ఫోనునందును ఉండు సామాన్యమైన సదుపాయములే సంరక్షకులకు ఎన్నియో విధముల ఉపకరించును. మందు వేయవలసిన వేళకు గంట మ్రోగునట్లు చేయవచ్చును. కుటుంబసభ్యుల ఛాయాచిత్రములను పేర్లతో చేర్చి యుంచినచో రోగికి చూపి గుర్తుచేయవచ్చును. చిన్ననాడు విన్న పాటలను వినిపించినచో కలత చెందిన మనస్సు పలుమార్లు కుదుటపడును. రోగి ఎన్ని గంటలు నిద్రించెను, ఏ వేళ కలవరపడెను, ఏమి తినెను అను విషయములను ఏనాటికానాడు వ్రాసియుంచిన, లేదా మాటలలో చెప్పి ధ్వనిముద్రణ చేసియుంచిన, వైద్యునకు అది మిక్కిలి సహాయకారి యగును. నేడు అనేక తెలుగు కుటుంబములలో తల్లిదండ్రులు స్వగ్రామమందును, సంతానము హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలందును ఉన్నారు. దూరమందున్నవారు ఫోనులో ముఖాముఖి మాటలాడి, రోగిని గంటసేపు పలుకరించుచున్నచో, ఆ గంట ఇంటనున్న సంరక్షకురాలికి విశ్రాంతి లభించును. దూరమున నున్న కుమారుడు చేయగల సేవలలో ఇది చిన్నది కాదు.

ఈ వ్యాధిలో కుటుంబమును మిక్కిలి భయపెట్టు విషయము రోగి ఇల్లు విడిచి దారితప్పుట. జపానుదేశమున 2023వ సంవత్సరమొక్కదానిలోనే 19,039 మంది డిమెన్షియా రోగులు కనబడకుండ పోయినట్లు పోలీసుశాఖకు తెలుపబడినది. అందు పలువురు తిరిగి దొరికిరి, కొందఱు మరణించిరి. ఇట్టి సమయమున ఉపయోగపడునది స్థానమును తెలుపు విద్య. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహములు నిరంతరము సంకేతములను పంపుచుండును. కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములు అందినచో, అవి వచ్చుటకు పట్టిన కాలభేదమును బట్టి ఫోను తానున్న చోటును లెక్కగట్టును. ఇట్టి చిన్న పరికరమును రోగి చేతిగడియారమున గాని, నడుమున గాని అమర్చి, ఇంటిచుట్టు ఒక హద్దును నిర్ణయించినచో, రోగి ఆ హద్దు దాటిన తక్షణమే సంరక్షకుని ఫోను మ్రోగును.

జపానులోని ఇరుమా నగరపాలకులు 2016లో ఇంతకన్న సులభమైన ఉపాయము నొకదానిని ఆరంభించిరి. గోరుపై అంటించుకొను, సెంటీమీటరు వెడల్పు గల చిన్న చీటీపై గళ్ళ సంకేతమును ముద్రించి రోగుల కిచ్చిరి. దారితప్పిన వృద్ధుని చూచినవారు ఆ గళ్ళను ఫోనుతో చదివినచో, సమాచారము తెలుపవలసిన కార్యాలయపు నంబరు కనబడును. చొక్కా మారవచ్చును, చెప్పులు ఇంటిలో మఱచిపోవచ్చును. గోరు మాత్రము వెంటనే యుండును కదా! ఐనను ఈ యుపాయము ఫలించుటకు ఒకటి అవసరము: వీథిలోని మనుష్యుడు ఆగి, ఆ వృద్ధుని పలుకరింపవలెను.

యంత్రము పంపు సందేశముకన్న మనిషి కంఠము ఎక్కువ ధైర్యము నిచ్చు సమయములును ఉండును. 2017లో టాటా ట్రస్టులు హైదరాబాదు నగరమున వృద్ధుల కొఱకు ఒక ఫోను సహాయకేంద్రమును ఆరంభింపజేసినవి. ఆ ప్రయత్నమే పెరిగి పెద్దదై 2021లో 14567 అను నంబరుతో దేశమంతటికిని వ్యాపించినది. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము టెలి మానస్ అను సేవను నెలకొల్పినది. 14416 అను నంబరునకు ఫోను చేసి, మనోవ్యథతో నున్నవారు ఎవరైనను తెలుగులోనే తమ బాధ చెప్పుకొని సలహా పొందవచ్చును. రోగికే కాదు, రోగికి సేవచేసి అలసినవారికిని ఈ ద్వారము తెఱచియే యున్నది. 1992లో ఏర్పడిన భారత ఆల్జీమరు సంఘమువంటి స్వచ్ఛందసంస్థలును కుటుంబములకు మార్గము చూపుచున్నవి.

ఐతే ఫోను సమస్తమును చక్కబెట్టునని భావించుట పొరపాటు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ పరిశోధకులు ఐ సపోర్ట్ శిక్షణను మన దేశపు సంరక్షకులపై పరీక్షించి, ఫలితములను 2021లో ప్రకటించిరి. శిక్షణ పూర్తిచేసినవారికి రోగిని ఒక మనిషిగా అర్థము చేసికొను దృష్టి మెఱుగుపడినది. కాని చేరినవారిలో సగముకంటె ఎక్కువమంది తుదివఱకు కొనసాగలేకపోయిరి. వారి భారమును, విచారమును చెప్పుకొనదగినంతగ తగ్గలేదు. ఈ ఫలితమును చూచి నిరాశపడ నక్కఱలేదు. దాని అర్థమును గ్రహింపవలెను. దినమెల్ల పరుగులిడు స్త్రీకి పాఠమిచ్చిన చాలదు. ఆ పాఠము చదువుటకు అరగంట తీరికయు ఇయ్యవలెను. పాఠమును ఫోను ఇయ్యగలదు. తీరికను ఇంటిలోని మనుష్యులే ఇయ్యగలరు.

జాగ్రత్తలును కొన్ని కలవు. రోగి ఎచ్చటకు పోవుచున్నదియు అనుక్షణము గమనించుట అతని స్వేచ్ఛకు సంబంధించిన విషయము. వ్యాధి తొలిదశలో నుండగనే అతనికి చెప్పి, అతని సమ్మతితో ఇట్టి ఏర్పాటు చేయుట మర్యాద. రోగి కలత చెందియున్న వేళ అతని చిత్రమును తీసి పదుగురికి పంపి నవ్వుకొనుట క్రూరమైన పని. మఱపువ్యాధిని మాయముచేయుదుమని ఫోనులో ప్రకటించు మందులను నమ్మరాదు. మతి తప్పిన వృద్ధులకు ఫోనుచేసి, బ్యాంకు రహస్యసంఖ్యలను అడిగి మోసగించువారు కలరు. కావున వారి ఫోనును, ధనమును విశ్వసనీయుడైన ఒకరు కనిపెట్టియుండవలెను.

ఈ విషయమున విద్యార్థులు చేయగల సేవ ఏమైనను కలదా? తప్పక కలదు. అనేక గృహములలో ఫోనును చక్కగా ఉపయోగింపగలవారు బాలబాలికలే. తల్లి చదువలేని పాఠమును చదివి వినిపింపవచ్చును. మందులవేళకు గంట అమర్చవచ్చును. సహాయకేంద్రముల నంబర్లను పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటింపవచ్చును. నాయనమ్మ పాత పాటలను వెదకి వినిపింపవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, బడినుండి వచ్చిన పిమ్మట అరగంటసేపు ఆమెచెంత కూర్చుండి, "అమ్మా, నీవు కొంచెము విశ్రమించు, నేను చూచుకొందును" అని తల్లితో చెప్పవచ్చును. ఆమె అదే కథను పదియవసారి చెప్పినను, మొదటిసారి విన్నట్లు వినుట గొప్ప ఉపకారము. పొరుగింటిలో ఇట్టి రోగి యున్నపుడును, వీథిలో దిక్కుతోచక నిలిచిన వృద్ధుడు కనబడినపుడును నవ్వక, దగ్గఱకుపోయి మెల్లగా పలుకరించి, పెద్దలకు గాని, 112 నంబరునకు గాని తెలుపవలెను.

చేతిఫోను ఒక పనిముట్టు. అది దారితప్పినవారి జాడ తెలుపును. తెలియని మెలకువ నేర్పును. దూరముననున్నవారిని దగ్గఱ చేయును. కాని నుదుటిపై చేయి వేసి నిమురుటకు, కన్నీరు తుడుచుటకు, ప్రక్కన కూర్చుండుటకు దానికి చేతులు లేవు. మనలను చేయిపట్టి నడిపించిన పెద్దలకు, వారిని చేయిపట్టి నడిపించుచున్న తల్లులకు, ఆ చేయూత నిచ్చుట మనుష్యుల విధి.